సంగారెడ్డి ఇంటిపన్ను

"నీకు పిచ్చిగిట్ల లేసిందానే? ఈడ రూపాయి పన్నయితే ఆడ మున్సిపాలిటోళ్లు నాలుగు గుంజుతరు!"

"గుంజనీ. ఇల్లు సంగారెడ్డిలనే కడత." నర్సింహమ్మ బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన చేను ఫ్యాక్టరీలోకి పోయి, పరిహారం ఆమె చేతికొచ్చింది. దాంతో కిరాయిల కోసం ఇల్లు కడదామని ఆమె మొగుడు కిష్టప్పే మాటెత్తాడు. తమ ఊరు ఇస్నాపూర్‌లో ఇప్పటికే ఉన్న రెండు గదుల కిరాయి అతని పేకాటకు చాలడం లేదు మరి! ఈ సొమ్మూ అతని చేతిలో పడిందా, ఇక అంతే సంగతులు.

"మన పంచాయతిల సర్పంచ్ మనోడే. పన్ను పేరుకు రాస్తడు," అన్నాడు కిష్టప్ప బుజ్జగింపుగా.

"ఎవరి పేరు మీద రాస్తడు?"

"ఇంటి పెద్దను నేనుండంగ ఇంకెవరి పేరు?"

"గందుకే వద్దంటున్న. మా అమ్మగారి సొమ్ము. పన్ను నా పేరు మీద రావాలె, నేనే పోయి కట్టాలె."

కిష్టప్పకు ఒళ్లు మండింది. ఆడది ఆఫీసు మెట్లెక్కి పన్ను కడుతుందట! "పోనీ పక్కూరు కందిల కట్టు. ఆడ గూడ పన్ను తక్కువే."

"ఆడ నల్లా లేదు. సంగారెడ్డిల నల్లా ఉన్నది, కరెంటున్నది. బిందె పట్టుకొని తిరిగే పని లేదు."

"కిరాయికుండేటోళ్ల మీద గంత ప్రేమేందే నీకు?"

"నా ఇష్టం!"

అతను అరిచాడు, అలిగాడు, అన్నం మానేశాడు. అబ్బే, ఆమె దిగిరాలేదు. వానలు పడకముందే సంగారెడ్డిలో ఇల్లు లేచింది.

ఆ పొద్దున, కొత్తింటికి సామాను చేరవేసే మొగులయ్య బండి వాకిట్లో ఆగింది.

"కిరాయికి ఎవరన్నా దొరికిండ్రా?" పెళ్లాన్ని అడిగాడు కిష్టప్ప.

"దొరికింది. ఒక ఆడామె. ఒక్కతే ఉంటది."

"ఒక్కతేనా? కిరాయి ఎంతకు ఒప్పుకున్నది?"

"కిరాయి నేనడగలే."

"ఓరి దేవుడా! మరి పన్నెవరు కడతరు?"

"నేనే."

కిష్టప్ప నెత్తి కొట్టుకున్నాడు. "నిలువునా ముంచిందే నిన్ను! ఎవతె అది? నడువు, ఇప్పుడే ఖాళీ చేపిస్త!"

నర్సింహమ్మ తన బట్టల పెట్టె తెచ్చి బండిలో పెట్టుకుంది.