అత్త చీరలో పట్నం

ఫొటో స్టూడియో నడిపే ఆయన తన భార్యను పట్నం మ్యూజియం మెట్ల మీద నిలబెట్టాడు. ఆమె ఒంటి మీద అత్త చీర, చేతిలో అత్త కర్ర ఉన్నాయి.

"ఇంకాస్త వంగు. మా అమ్మ అంత నిటారుగా ఉండదు."

"నడుం పడిపోతోందండీ. మొహం ఎలాగూ అత్తది అతికిస్తారుగా, నడుం కూడా అతికించండి."

"మొహమంటే పాస్‌పోర్టు ఫొటో ఉంది. నడుం ఎక్కణ్ణించి తేను?"

మంచం దిగలేని తల్లి, పట్నంలో ఫొటో దిగాలని ఉందని అడిగింది. పెళ్లికి రాని చుట్టాలను కూడా పెళ్లి ఫొటోలో కలిపి ఇచ్చే మనిషికి అదేమంత పని కాదు.

"ఒక్కసారి లోపలికెళ్లి చూసొస్తానండీ. పుట్టి బుద్ధెరిగాక పట్నం రావడం ఇదే మొదలు."

"వెలుతురు పోతుంది. కదలకు, ఇటు చూడు."

గడియార స్తంభం దగ్గరా అదే మాట. కోట ముందు ఆమె వెనక్కి తిరగబోతే, కుచ్చిళ్లు చెదిరాయని కసురుకున్నాడు. పొద్దు వాలేలోపు ఆరు చోట్ల ఫొటోలు తీసి బస్సెక్కారు. ఆ ఆరు చోట్లా ఆమె కెమెరానే చూసింది.

వారం తర్వాత అత్త ఆ ఫొటోలు ఒళ్లో పెట్టుకుని పక్కింటావిడకు పట్నం సంగతులు చెబుతోంది.

"మంచం దిగకుండా ఎప్పుడెళ్లావు పిన్నీ?"

"ఫొటోలో ఉన్నదెవరో కనపడటం లేదూ? ఇదిగో, ఈ కోట గోడ మీద రెండు సింహాలు చెక్కారు. మ్యూజియం తలుపైతే మన ఇంటికన్నా ఎత్తు."

టీ తెచ్చిన కోడలు గ్లాసులు కింద పెట్టి గడప మీద కూర్చుంది.

"ఇంకా ఏమున్నాయత్తా అక్కడ?" అని అడిగింది.