ముత్యం నిద్ర చెడకుండా

బెల్టు మళ్లీ కీచుమంది.

లోపల మంచం మీద ముత్యం ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. కళ్లు మూసుకునే, "అంజీ, బెల్టు బంద్ చెయ్" అని అరిచాడు.

తిరుమల వాకిట్లోంచి పరుగున వచ్చి మొగుడి వీపు నిమిరింది.

"బంద్ చేసిన్రు. కలొచ్చింది నీకు. పండుకో."

పడుకున్నాడు. గురక మొదలైంది. తిరుమల హమ్మయ్య అనుకుంది.

ముత్యం బొగ్గుబాయిలో కన్వేయర్ బెల్టు ఫిట్టరు, అంజి అక్కడ అతని హెల్పరు. యంత్రాల హోరు అతనికి జోలపాట. పక్కనుంచి లారీ పోయినా కదలడు. కానీ బెల్టు కీచుమంటే మాత్రం ఎంత నిద్రలోనైనా లేస్తాడు. బాయిలో బెల్టు కీచుమందంటే ఎక్కడో ఏదో పట్టేసిందనే అర్థం. ఆ భయం ఒంట్లో ఇంకిపోయింది. ఇంటి ముందున్న కారుకూ ఒక బెల్టు ఉంటుందని, అదీ అరుస్తుందని నిద్రలో ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది పాపం.

ఈ వారం అతనిది నైట్ షిఫ్టు. గోదావరిఖని కాలనీలో నైట్ షిఫ్టు నిద్రంటే ఆషామాషీ కాదు. ఆ ఇంటి ముందు పిల్లలు క్రికెట్ ఆడరు. ఉల్లిగడ్డల ఆటోవాడు మైకు ఆపుకుని పోతాడు. నిద్ర చాలని మనిషి బాయిలో దిగితే ఏమవుతుందో ఆ లైనులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

కారు బెల్టు సంగతి ముత్యానికి చెప్పకపోలేదు. "ఇంటికాడ గూడ బెల్టేనా నాకు? ఆదివారం చూస్త తియ్" అన్నాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. బెల్టు అట్లాగే అరుస్తోంది.

ఇక ఈయన్ని నమ్ముకుంటే లాభం లేదని తిరుమల కొంగు బిగించింది. లక్ష్మీనగర్ బజారుకు వెళ్లి, బెల్టు మీది నంబరు ఫోనులో చూపించి, కొత్తది కొనుక్కొచ్చింది. పక్క క్వార్టర్ అరుణకుమారి సాయానికి వచ్చింది. ఆమెది కాకినాడ వైపు. ఫోనులో రిపేరు వీడియో పెట్టి, సౌండు పూర్తిగా తీసేసి, కింద వచ్చే అక్షరాలు గుసగుసగా చదవడం ఆమె పని.

"ముందు బ్యాటరీ వైరు పీకెయ్యమంటున్నాడు తిరుమలా."

"పీకిన అక్క."

"ఆల్టర్నేటర్ బోల్టు వదులు చెయ్యాలట. ఊడదీయకూడదట."

బోల్టు తుప్పు పట్టి ఉంది. తిరుమల పళ్లు బిగించి తిప్పింది. పానా జారి గచ్చు మీద ఖంగుమంది.

లోపల గురక ఆగింది.

ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోయారు. అరుణకుమారి కళ్లు మూసుకుని ఏదో దండకం మొదలుపెట్టింది. కాసేపటికి గురక మళ్లీ అందుకుంది.

అప్పుడే పక్క వీధి సారవ్వ రానే వచ్చింది. ఆమె గొంతు అసలే పెద్దది.

"ఏంది బిడ్డా, గీ ఎండల..."

"అవ్వా, జర మెల్లగ. ఆయన పండుకున్నడు."

సారవ్వ వెంటనే గొంతు తగ్గించింది. కాలనీ మనిషి కదా. "గిప్పుడే ఎందుకే? ఆయన డ్యూటీకి పోయినంక చేసుకోరాదు?"

"చీకట్ల కనవడద్దా అవ్వా. రోజు ఇంత సేపు ఇంజను చాలు చెయ్యకుంటె బ్యాటరీ దిగుతది. చాలు చేస్తెనేమో ఆయన లేస్తుండు. ఏం జెయ్యాలె మరి?"

సారవ్వ మనసు కరిగిపోయింది. అక్కడే అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లను చెయ్యి ఊపి అదిలించే పని తనంతట తానే తీసుకుంది.

పాత బెల్టు ఊడి వచ్చింది. అరిగి నున్నగా మెరుస్తోంది, నిండా పగుళ్లు. తిరుమల కొత్తది ఎక్కించి, బోల్టు బిగించి, వైరు తగిలించి, గుండె చిక్కబట్టుకుని తాళం తిప్పింది.

"కీ..."

వెంటనే ఆపేసింది. కానీ కిటికీలోంచి ముత్యం గొంతు వినిపించింది. "రాయి ఇరికిందేమో చూడుండ్రి రా."

తిరుమల కిటికీ దగ్గరికి పోయి, గొంతు బొంగురు చేసి, "తీసేసినం అన్నా" అంది.

"మంచిది" అని ముత్యం అటు తిరిగి పడుకున్నాడు. అరుణకుమారి నవ్వాపుకోలేక చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"బిగువు చాల్లేదట. ఆల్టర్నేటర్‌ని బయటికి నెట్టిపట్టుకుని బోల్టు బిగించమంటున్నాడు. ఇనప రాడ్డు కావాలట."

ఇనుమంటే మళ్లీ చప్పుడు. తిరుమల వంటింట్లోంచి రోకలి తెచ్చింది. అరుణకుమారి రోకలితో నెట్టి పట్టుకుంది, తిరుమల బోల్టు బిగించింది. బొటనవేలితో నొక్కి చూస్తే బెల్టు కాస్తే లోపలికి పోయింది.

మళ్లీ తాళం తిప్పింది. ఇంజను గుర్రుగుర్రుమని సాఫీగా తిరిగింది. కీచు లేదు. కిటికీ అవతల ముత్యం ఇంజనుతో పోటీపడి గురక పెడుతున్నాడు.

తిరుమల కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషం పట్టలేక అరుణకుమారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ కలిసి బానెట్టును చేతులతో అదిమి, చప్పుడు కాకుండా మూశారు.

"మొగని నిద్ర కోసం గింత తండ్లాట పడే ఆడిదాన్ని నేనైతె చూడలే" అంది సారవ్వ కళ్లు ఒత్తుకుంటూ. "నీ అసొంటి పెండ్లాం దొరకాలంటే పెట్టి పుట్టాలె."

సారవ్వ వీధి మలుపు తిరిగేదాకా తిరుమల సిగ్గుతో తల వంచుకునే నిలబడింది.

తర్వాత, ఎర్రటి 'ఎల్' బిళ్ల అద్దానికి అంటించి, డ్రైవింగ్ నేర్పుతున్న అరుణకుమారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ఆడోళ్లు ముట్టొద్దని మొగుడు బీరువా మీద దాచిన తాళంతోనే, ఆ కారును రోజూలాగే గేటు దాటించింది.