బూట్లకంటిన బురద

వేల్స్‌లో మా పారిష్, అంటే మా చర్చి కిందికొచ్చే ఊళ్ల చరిత్ర, భూగోళం వ్యాసాల పోటీకి రాయడానికి పదకొండేళ్లు గుట్టలూ వాగులూ తిరిగాను. గెలిస్తే బహుమతిగా ఇచ్చే ఓక్ కుర్చీకి పొయ్యి పక్కన చోటు కూడా చూసి పెట్టుకున్నాను.

రోజూ నా బూట్లు కడుగుతూ నా భార్య మెరెరిడ్ అడిగేది: "ఈ బురద ఎక్కడిదండీ, మహానుభావా? అక్కడ మనుషులు లేరా?"

పోటీకి మారుపేర్లతో రెండే వ్యాసాలు వచ్చాయి. ఇవాళ సభలో న్యాయనిర్ణేత అన్నాడు: "'గుట్టరాయి' వాగులన్నీ కొలిచారు. 'వానపిట్ట' ఆ వాగులు దాటిన మనుషుల గురించి రాశారు. కుర్చీ వానపిట్టదే. ఆ పేరుతో రాసినవారు లేచి నిలబడండి."

గుట్టరాయి నేనే. తల దించుకున్నాను. పక్కన మెరెరిడ్ లేచింది.

"కూర్చో, పిలిచింది నిన్ను కాదు," అంటూ కోటు పట్టి లాగాను.

"నన్నేనండీ. కుర్చీ మీరు చూసిన చోటే వేద్దాం. ఇకనుంచి బూట్లు మాత్రం మీరే కడుక్కోండి."