పాతొద్దన్న మొక్క

"టీచర్, ఎవరో తాత మన మిరప మొక్క పీకేశాడు."

రాము కేక వినగానే ఖుర్షిదా టీచర్ చేతిలోని సుద్దముక్క బల్ల మీద పడేసి బడి వెనక్కి పరుగెత్తింది.

దర్శికి పది కిలోమీటర్ల అవతల, పత్తి చేల మధ్య ఉన్న బడి అది. ఒకటే గది, ఇరవై మంది పిల్లలు, ఒక్కతే టీచరు.

చీరాలకు బదిలీ ఉత్తర్వు వచ్చి నాలుగు నెలలైంది. ఏం లాభం? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఆమె స్థానంలో ఇంకొకరు వచ్చి చేరేదాకా కదలడానికి వీల్లేదన్నారు. ఆమె వెళితే బడికి తాళమే.

చీరాలలో ఉన్న ఐదేళ్ళ కూతురు నస్రత్ రోజూ సాయంత్రం ఫోన్లో ఒకటే అడుగుతుంది.

"రిలీవర్ వచ్చాడా అమ్మీ?"

ఆ పిల్ల లెక్కలో రిలీవర్ అంటే అమ్మను బస్సెక్కించే మనిషి.

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఖుర్షిదా పరిస్థితి.

దానికి తోడు ఈ బడితోట. నెలాఖరుకు మండల విద్యాధికారి బాపయ్య గారు తనిఖీకి వస్తారు. పిల్లకో మొక్క చొప్పున ఇరవై మిరప మొక్కలు కనపడాలి. ఒక్కటి తగ్గినా రిమార్కు రాస్తారని, రిమార్కు పడితే బదిలీ ఆగిపోతుందని పక్క ఊరి మాస్టారొకాయన చెవిలో వేశాడు. అప్పటినుంచీ ఆమె ఆ మొక్కలకు కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాస్తోంది.

బడి వెనక యాభై దాటిన మనిషొకడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టాడు. కాళ్ళ నిండా నల్లరేగడి బురద. చేతిలో వేళ్ళతో సహా పీకిన మొక్క. చుట్టూ పిల్లలు.

"ఇదేంట్రా?"

"వేరు."

"ఇది చేసే పని?"

"నీళ్ళు తాగుద్ది తాతా."

"మరి మొక్కకి అన్నం వండేదెవరు?"

పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఆయన ఆకు పట్టి చూపించాడు.

"ఇదిగో, ఇదే వంటమనిషి. ఎండ పొయ్యి మీద వండుద్ది. ఇట్టా ముడుచుకుపోయిందనుకో, ఇంక మొక్కకి పస్తే."

ఖుర్షిదాకు పాఠం కనపడలేదు. ఖాళీ అయిన గుంట కనపడింది.

"ఎవరయ్యా నువ్వు? ఎక్కడా నారు దొరక్క బడి మొక్కల మీద పడ్డావా?"

ఆ ఏడు మిరప నారుకు కరువు. తెల్లారేసరికి నారుమళ్ళు మాయమవుతున్నాయని ఊరంతా చెప్పుకుంటున్నారు.

"అది కాదమ్మా, నేను..."

"మాట్లాడకు. ఒక్క మొక్క పోతే నా బతుకేమవుతుందో తెలుసా నీకు?"

నాలుగు నెలలుగా అణుచుకున్నదంతా పిల్లల ముందే కళ్ళవెంట కారింది.

ఆయన ఆమె వంక కాసేపు చూశాడు. ఏదో చెప్పబోయి మానుకున్నాడు. మొక్కను ఆమె చేతిలో పెట్టాడు.

"దీనికి బొబ్బర తెగులు తగిలిందమ్మా. దూరంగా గుంట తీసి పూడ్చేయండి. మళ్ళీ పాతొద్దు, పక్కవాటికి అంటుకుద్ది."

"నాకు చెప్పొచ్చావా? ముందు గేటు దాటు."

ఆయన పంచె దించుకుని, గోడ పక్కన పెట్టుకున్న చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

చీరాలలో నూలుకు రంగులద్దే ఇంట పుట్టింది ఖుర్షిదా. దారం ఎక్కడ చిక్కుపడిందో చెప్పమంటే చెబుతుంది గానీ, మిరప జబ్బులు ఆమెకేం తెలుసు? లెక్కకు ఇరవై ఉంటే చాలనుకుంది. అదే గుంటలో ఆ మొక్కను పాతి చెంబెడు నీళ్ళు పోసింది.

"తాత పాతొద్దన్నాడు టీచర్," అన్నాడు రాము.

"నువ్వెళ్ళి ఎక్కాలు చదువు."

మొదట పక్క మొక్క ఆకులు ముడుచుకున్నాయి. తర్వాత దాని పక్కది. రెండు వారాలు తిరిగేసరికి ఇరవై మొక్కలూ గిడసబారిపోయాయి.

ఒకటో తరగతి దీప్తి ముడుచుకున్న ఆకొకటి తెచ్చి చూపించింది.

"వంటమనిషికి జబ్బు చేసింది టీచర్. మొక్క పస్తుంటోంది."

నాలుగు నెలలు చార్టు తగిలించి చెప్పినా ఎక్కని పాఠాన్ని ఆ మనిషి పావుగంటలో ఎక్కించి పోయాడని ఖుర్షిదాకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఎవరో రైతు అయి ఉంటాడు, కనపడితే క్షమించమని అడగాలనుకుంది. ఊళ్ళో వాకబు చేస్తే ఆయనెవరో ఎవరికీ తెలియదు.

తనిఖీకి రెండు రోజుల ముందు, గుండె చిక్కబట్టుకుని బాపయ్య గారికి ఫోన్ చేసింది.

"మొక్కలన్నీ పోయాయండి. తప్పు నాదే. రిమార్కు మాత్రం రాయకండి సార్, నా బదిలీ ఆగిపోతుంది."

"మొక్కలు చస్తే రిమార్కు ఎవరు రాస్తారమ్మా? అయినా ఇంకా బదిలీ ఏంటి? ఆ పిల్లల్ని వదలలేకపోతున్నావటగా?"

"నేనా? ఎవరన్నారండి?"

"మీ బడి దాకా వచ్చి చూసినాయనే అన్నాడు. బస్సు లేక చేలకడ్డంపడి నడిచొచ్చాడట. 'ఒక్క మొక్క పీకితేనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది సార్, అట్టాంటి టీచరమ్మను ఆ పిల్లలకు దూరం చేస్తే పాపం' అన్నాడు."

బాపయ్య గారే మళ్ళీ అందుకున్నారు.

"నాకూ నిజమే అనిపించి, నీ స్థానంలో చేరడానికి వచ్చిన ఆ గురవయ్య మాస్టార్ని వేరే బడికి పంపేశానమ్మా."