కదలని చెయ్యి

"ఫోను కదలకూడదు నాయనా," అంది కోమలి.

"ఇరిగిన ఎముకనే కదలకుండా పట్టేవాణ్ణి, ఇదెంత మా?" అన్నాడు ఢిల్లీబాబు. పుత్తూరులో ఆయన కట్టు అంటే నలుగురికీ నమ్మకం. ఆకుపసరు చేతులు గబగబా కడుక్కుని వచ్చి, కూతురి ముఖానికి ఎదురుగా ఫోను పట్టుకు నిలబడ్డాడు. కట్టు కోసం వచ్చినవాళ్లు బయట అరుగు మీద ఆగారు.

తెరమీద ఇంగ్లండు యూనివర్సిటీ మేడం అడిగింది. "ఫిజియోథెరపీయే ఎందుకు చదవాలనుకుంటున్నావు?"

కన్సల్టెన్సీవాళ్లు బట్టీ పట్టించిన జవాబును కోమలి ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. "మా పుత్తూరులో చదువులేనివాళ్లు కట్లు కట్టి జనం కాళ్లూ చేతులూ పాడుచేస్తున్నారు. నేను చదివొచ్చి దాన్ని మాన్పించాలి."

ఢిల్లీబాబుకు ఇంగ్లీషు రాదు. పుత్తూరు అన్న పేరు చెవిన పడగానే మురిసిపోయాడు.

"మంచిది. మరి నీ ఫీజు ఎవరు కడతారు?"

"మా నాన్న."

"ఆయనేం చేస్తారు?"

కోమలి ఫోను వెనకున్న ముఖం వైపు చూడలేకపోయింది.

"ఫార్మర్," అంది.

ఆ ఒక్క మాట ఆయనకు తెలుసు. ఫోను కదిలింది.

మేడం సెలవు తీసుకున్నాక ఆయన మెల్లగా అడిగాడు. "మనకు సేను యాడుండాది మా?"

"కట్టు కడతావని సెప్తే సీటు రాదు నాయనా," అంది కోమలి తల వంచుకుని.

ఢిల్లీబాబు ఫోను ఆమె ఒళ్లో పెట్టాడు. కడిగినా గోళ్లలో మిగిలిపోయిన పచ్చటి పసరు చూసుకుని, చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"నా సేతులు వాళ్లకు కనపడలేదు గదా మా?"