టైల్స్ అప్పు

“గోడ మీద దెబ్బ పడిందంటే ఊరుకోను!” అంటూ యర్రయ్య గునపానికి అడ్డంగా నిలబడ్డాడు.

“జరుగు మావా. అప్పు తెచ్చింది దాసుకోడానికి కాదు,” అంది సోములమ్మ.

అరకులోయకి వచ్చే టూరిస్టులకి ఆ మొగుడూ పెళ్ళాలు అద్దెకిచ్చే మట్టిల్లు అది. పెంకులు నిన్ననే దింపేశారు. పక్కనే తోటికోడలు స్వర్ణ అద్దెకిచ్చే ఇల్లు. పోయిన ఏడాది స్వర్ణ ఫైనాన్సులో అప్పు చేసి, మట్టి గోడలు తీయించి, సిమెంటు గోడలు కట్టించి, కింద తెల్లటి టైల్స్ వేయించింది. గీజరు కూడా పెట్టించింది. అప్పటి నుంచి సోములమ్మకి అన్నం సయించడం లేదు.

స్వర్ణ వాకిట్లో కారు ఆగితే సోములమ్మ చేతిలో చాట ఆగిపోయేది. కారు దిగినవాళ్ళు సోములమ్మ ఇంటివైపు చెయ్యి చూపించి ఏదో అనేవారు. స్వర్ణ తల అడ్డంగా ఊపి, నవ్వుతూ వాళ్ళని తన ఇంట్లోకి తీసుకుపోయేది. ఈ చలికాలం ఒక్కరంటే ఒక్కరు సోములమ్మ గుమ్మం తొక్కలేదు.

“మనిల్లు సూసి నవ్వుకుంటన్నారు మావా. నాను సూత్తన్నాను గదా.”

“నవ్వుకోనీ. ఈ గోడ మాయమ్మ మెత్తింది. ఇదిగో, ఆమె ఏళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. అమ్మ పోయినాక నాకు మిగిలింది ఇయ్యే.”

సోములమ్మ ఆ వేళ్ళ గుర్తులు చూసింది. అత్త చివరి రోజుల్లో ఈ గోడకే ఆనుకుని కూర్చునేది. గునపం పట్టిన చెయ్యి కొంచెం వదులయింది. అంతలో పక్కింట్లోంచి టూరిస్టు పిల్లల కేరింతలు వినిపించాయి. చెయ్యి మళ్ళీ బిగిసింది.

“నాలుగు నెలల్లో తీర్సకపోతే మన కాఫీ పంట డబ్బంతా ఆ ఫైనాన్సు ధనుంజయ్ పట్టుకుపోతాడే. ఏడాదంతా ఏటి తింటాం?”

“స్వర్ణ తీర్సలేదా? దానికేటి ఎక్కువ, నాకేటి తక్కువ?”

యర్రయ్య పక్కకి తప్పుకున్నాడు. మొదటి దెబ్బ సోములమ్మే వేసింది.

సాయంత్రానికి నాలుగు గోడలూ వాకిట్లో ఎర్రటి కుప్పయ్యాయి. యర్రయ్య ఎటో వెళ్ళిపోయాడు. సోములమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటుంటే, స్వర్ణ తట్ట పట్టుకుని వచ్చింది. ఆమె చూపంతా ఆ కుప్ప మీదే ఉంది. ‘ఇప్పుడు దీనికి నిద్ర పట్టదు,’ అనుకుంది సోములమ్మ. ఏడాది తరవాత మొదటిసారి ఆమె కడుపు చల్లబడింది.

“ఓలక్కా! మొత్తం పడగొట్టేశావా?”

“పడగొట్టేశాను. రేపు ఇటుకలొత్తాయి. నా టైల్స్ నీ వాటికన్నా పెద్దవి.”

“మంచిదే. మరి ఈ మట్టి ఏటి సేత్తావు?”

“రోడ్డు మీద గోతుల్లో పోయిత్తాను. నీకెందుకు?”

“పారబొయ్యకు, నాకిచ్చెయ్. నా ఇంటి మట్టి అప్పుడు తెలివిలేక అలాగే పారబోశాను. కొత్త మట్టయితే బీటలిత్తాది. అత్త కాళ్ళతో తొక్కిన మట్టి ఇది, బాగా పట్టుకుంటాది.”

“టైల్స్ ఏసిన ఇంటికి మట్టెందుకే?”

“సిమెంటు గోడల మీద మెత్తించాలి. దానికే నిన్న ధనుంజయ్ దగ్గర ఇంకో అప్పు తెచ్చాను.”

“నీకు పిచ్చి గానీ పట్టిందేటి?”

స్వర్ణ అప్పటికే కూర్చుని రెండు చేతులతో తట్ట నింపుతోంది.

“కోప్పడకక్కా. కారు దిగినోళ్ళంతా నీ మట్టిల్లే కావాలంటే, అందులో తేళ్ళున్నాయని ఎన్నాళ్ళని సెప్పను?”