వంకర కొమ్ము

ఇలా దగ్గరికి జరగండి. పొయ్యి వేడి అంత దూరం రాదు, నా మాటా రాదు.

ఆ ఏడు మంచు తొందరపడింది. కనుమ కింద ఉల్కాన్ ఇంట్లో, కోడలు బురుల్ పక్కలో, ఏడు రోజుల పసివాడు ఉన్నాడు.

వాడికి ముందు పుట్టిన ఇద్దరూ నలభై రోజులు నిండకుండానే పోయారు. అందుకే వీణ్ణి పేరు పెట్టి పిలవడానికి కూడా ఇంట్లో భయం.

ఆ నలభై రోజులూ బయటివాళ్ళు గడప దాటకూడదు. ఉల్కాన్ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, చేతిలో ఉన్ని పరుపు కుట్టుకుంటూ కాపలా కాసేది. ఆ లోయలో షిర్దాక్ అనే ఆ ఉన్ని పరుపు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు, ఒక్క వాళ్ళమ్మ తప్ప.

అమ్మ చేసిన ఎర్ర షిర్దాక్ ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చునే చోట ఇంకా ఉంది.

షిర్దాక్ ఎప్పుడూ ఒక్కటే పుట్టదు. ఎర్ర ఉన్నినీ నల్ల ఉన్నినీ ఒకదాని మీద ఒకటి పరిచి, పొట్టేలు కొమ్ముల ఆకారాల్ని ఒకే కోతలో కోస్తారు. ఎర్ర కొమ్ము నల్లదాంట్లో, నల్ల కొమ్ము ఎర్రదాంట్లో కూర్చి కుడతారు. కవలల్లా రెండు.

ఆ కోతలో ఓ మూల అమ్మ కత్తి జారింది. అక్కడ కొమ్ము లోపలికి వంకర తిరిగి ఉంటుంది. జంటది ఏదని అడిగితే, "దాని మనిషి తీసుకెళ్ళింది" అనేది అమ్మ.

ఆ మధ్యాహ్నం కుక్క మొరగలేదు.

ఉల్కాన్ తలెత్తేసరికి వాకిట్లో ఓ ముసలమ్మ. లోయంతా భయపడే కుక్క ఆమె కాళ్ళ దగ్గర తోకాడిస్తోంది.

"అమ్మాయ్, నేను..."

"పేరు చెప్పకు," అంది ఉల్కాన్ లేచి నిలబడి. "పేరు గడప దాటితే మనిషి దాటినట్టే. లోపల పసివాడున్నాడు."

"తెలుసమ్మా. వాడి కోసమే వచ్చాను. కనుమ అవతలికి కబురొచ్చింది."

ఉల్కాన్ గుమ్మానికి మరింత అడ్డంగా జరిగింది. ఏడు రోజుల బిడ్డ కబురు అంత దూరం ఎవరు మోశారు?

ముసలమ్మ నీలం గుడ్డలో చుట్టిన మూట చాచింది. ఆమె చూపుడువేలి మీద, దారం లాగి లాగి పడిన గాడి.

"నువ్వూ ఉన్ని కుట్టేదానివేనా?"

"చూపున్నంత కాలం కుట్టాను. ఇది ఆఖరిది. ఉయ్యాల్లో బిడ్డ కింద వెయ్యి."

"మేం కుట్టుకోలేమనా?"

"నీ చెయ్యి ఎవరి చెయ్యో నాకు తెలీదా? చేతిపనికి చేతిపని, అంతే. నేను పోయేలోగా ఇవ్వాలనుకున్నాను. విప్పి చూడు."

"తర్వాత చూస్తాలే."

వచ్చినవాళ్ళు ఇచ్చింది కాదనకూడదు. ఉల్కాన్ దాన్ని పొయ్యి పట్టకారుతో అందుకుంది. ముసలమ్మ పట్టకారు వంక చూసింది.

"ఒక్కసారి వాడి గొంతు విని పోతాను. ఇక్కడే నిలబడతానమ్మా."

లోపల అంతసేపూ ఏడుస్తున్న పసివాడు సరిగ్గా అప్పుడే ఊరుకున్నాడు.

"వెళ్ళు," అంది ఉల్కాన్.

మన దగ్గర పగవాడికైనా రొట్టె తుంచి పెడతారు. ఆమెకి గిన్నెడు టీ కూడా దక్కలేదు. కనుమ వైపు తిరిగి నడిచింది. కుక్క చాలా దూరం వెంట వెళ్ళింది.

ఉల్కాన్ మూటను గొర్రెల కొట్టం కప్పు మీదికి విసిరేసింది.

సాయంత్రానికి మంచు మొదలైంది. పసివాడికి ఒళ్ళు కాలిపోతోంది.

"కుక్క మొరగని మనిషేమిటక్కా?" అంది పొరుగింటి కలీపా గుమ్మం బయటినుంచే. "దాన్ని కాల్చి పారెయ్."

"ఉన్ని కాలిస్తే ఆ కంపు లోపలికే వస్తుంది. అక్కడే కుళ్ళనీ."

మూడు రోజులు మంచూ ఆగలేదు, జ్వరమూ ఆగలేదు. నాలుగో రోజు రెండూ తెరిపినిచ్చాయి.

ఆ రోజే కలీపా మరో కబురు తెచ్చింది. "కనుమ దారిలో బండకి ఆనుకుని కూర్చున్నట్టే ఉందట. ముసల్ది. బిగుసుకుపోయింది. కాపర్లే పూడ్చారు. పేరెవరికీ తెలీదు."

ఉల్కాన్ అయ్యో అనలేదు. మా ఇంటికొచ్చిన చావు దారి తప్పి దాన్నే పట్టుకుపోయింది అనుకుంది. ఆ రోజు కడుపునిండా తింది.

నలభయ్యో రోజు వచ్చింది. పసివాడు ఉన్నాడు.

నలభై ఇళ్ళ గుడ్డపేలికలు కలిపి వాడికి చొక్కా కుట్టాలి. లెక్క చూస్తే ముప్పై తొమ్మిదే. దారులన్నీ మంచు కింద ఉన్నాయి, ఇంకో ఇల్లు ఎక్కడ?

"కప్పు మీద మూట ఉందిగా, దాని గుడ్డ?" అంది కలీపా.

"అదా?"

"చచ్చినదానికి ఇంకా భయపడతావేంటక్కా? నలభై నిండాయి."

కలీపాయే ఎక్కి దింపింది. మంచు దులిపి ముడి విప్పారు.

లోపల ఉయ్యాలంత చిన్న పరుపు. అంచు కొత్తది. చూపు ఆననివాళ్ళు తడిమి కుట్టినట్టు కుట్లు ఎగుడుదిగుడు. నడిమి ముక్క మాత్రం ఏళ్ళ తరబడి వాడగా నునుపెక్కిన పాతది. నల్ల నేల మీద ఎర్ర కొమ్ములు.

ఒక కొమ్ము లోపలికి వంకర తిరిగి ఉంది.

ఉల్కాన్ దాన్ని లోపలికి తీసుకెళ్ళి అమ్మ షిర్దాక్ మూల పక్కన పెట్టింది. వంకరకి వంకర సరిపోయింది.

"ఎవరిదత్తయ్యా?" అంది బురుల్.

ఉల్కాన్ పసివాణ్ణి ఎత్తి, పరుపు ఉయ్యాల్లో వేసి, వాణ్ణి దాని మీద పడుకోబెట్టింది. తర్వాత రొట్టె, గిన్నెడు టీ పట్టుకుని, కుక్కని వెంటబెట్టుకుని కనుమ దారి పట్టింది.

ఇది మరిచిపోకండి, మీ పిల్లలకీ చెప్పండి: ఉల్కాన్ పుట్టినప్పుడు వాళ్ళమ్మ నలభై రోజులు జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, ఆ నలభై రోజులూ తన పాలిచ్చి ఉల్కాన్‌ని బతికించింది ఆ ముసలమ్మే.